అమ్మ జూలైలో మోంపెలియే వస్తోంది, కచేరీలకు తీసుకెళ్ళాలని ఉంది. ఎలా?

జొన్నచేను
జూన్ 12, రాత్రి 10:47

అందరికీ నమస్తే. నేను మోంపెలియే వచ్చి ఏడు నెలలైంది. మాది సంగారెడ్డి. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో జొన్న మీద పనిచేశాను, ఇక్కడి ల్యాబ్‌లో కూడా జొన్నే. ఫ్రాన్స్ దాకా పోయి కూడా జొన్నలేనా అని మా అమ్మ నవ్వుతుంది.

జూలై మొదటి వారంలో అమ్మ వస్తోంది. నెల రోజులు ఉంటుంది. వయసు 63, మోకాళ్ళ నొప్పులు. ఫ్రెంచ్ రాదు, ఇంగ్లిష్ అంతంతమాత్రం. నాకు సెలవులు ఎక్కువ లేవు. టీవీ పెట్టి కూర్చోబెడదామంటే ఆమె టీవీ మనిషి కాదు, రేడియో మనిషి. మా ఇంట్లో ఆకాశవాణి భక్తిరంజనితోనే తెల్లారేది. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు రేడియో బంద్ చెయ్యమని గొడవపెడితే, సౌండ్ తగ్గించింది గానీ బంద్ చెయ్యలేదు. పెళ్ళికి ముందు ఒక టీచరమ్మ దగ్గర రెండేళ్ళు పాట నేర్చుకుందట, గీతాల దాకా వచ్చి ఆగిపోయింది.

జూలైలో ఇక్కడ రేడియో ఫ్రాన్స్ వాళ్ళ సంగీతోత్సవం ఉంటుందని, క్లాసికల్, జాజ్ రెండూ ఉంటాయని మా ల్యాబ్‌లో చెప్పారు. రేడియో అనగానే అమ్మే గుర్తొచ్చింది. కానీ నాకు ఏమీ తెలియదు. నేను విన్న వెస్టర్న్ క్లాసికల్ అంటే లిఫ్ట్‌లో వచ్చేదే. టిక్కెట్లు ఎంత ఉంటాయి? అమ్మ చీరలో రావచ్చా? మధ్యలో లేవాల్సి వస్తే? జాజ్ ఆమెకి ఎక్కుతుందా, తలనొప్పి తెప్పిస్తుందా?

ఇంకో సంగతి. సిగ్గుగా ఉంది గానీ చెప్తాను. డిసెంబర్లో మా ల్యాబ్ ఫ్రెండ్ ఒక కచేరీకి తీసుకెళ్ళాడు. వాయించడం ఆగింది కదా అని నేను చప్పట్లు కొట్టాను. హాలు మొత్తంలో నేనొక్కణ్ణే. ముందు వరసలో ఒక ముసలావిడ వెనక్కి తిరిగి నవ్వింది, ఆ నవ్వు ఇంకా గుర్తుంది. అప్పట్నుంచి మళ్ళీ వెళ్ళలేదు. అమ్మతో వెళ్ళి అదే పని చేస్తానేమోనని టెన్షన్.

—

వాన్‌సెన్_బాబాయ్
జూన్ 13, ఉదయం 7:20

పారిస్ తీసుకురా అబ్బాయ్. మెట్రో ఒకటో లైన్ చివరి స్టేషన్ షాతో ద వాన్‌సెన్‌లో దిగితే పార్క్ ఫ్లోరల్ నడిచి వెళ్ళేంత దూరం. ఎండాకాలం శని, ఆదివారాల్లో అక్కడ కచేరీలు పెడతారు. ముందు జాజ్, తర్వాత ఆగస్టు వైపు క్లాసికల్. పచ్చిక మీద దుప్పటి పరుచుకుని పడుకుని వినొచ్చు. నేను చాలాసార్లు నిద్రపోయాను కూడా, ఎవరూ ఏమీ అనలేదు. జూలై 14 రాత్రి ఐఫిల్ టవర్ కింద పెద్ద ఆర్కెస్ట్రా కచేరీ, ఆ తర్వాత బాణసంచా. ఉచితమే. 2013 నుంచి చేస్తున్నారు. అయితే ఆ జనంలో మోకాళ్ళ నొప్పులున్న మనిషిని నిలబెట్టకు, దాన్ని టీవీలో చూపించు.

—

విజయనగరం_ఆడపడుచు
జూన్ 13, రాత్రి 9:05

బాబాయ్ గారూ, అబ్బాయి మోంపెలియే అడిగితే మీరు పారిస్ చెప్తారేంటండీ. మా ఊరికేం తక్కువ?

తమ్ముడూ, నేను ఇక్కడికి వచ్చి పదకొండేళ్ళు. పుట్టింది విజయనగరం, సంగీత కళాశాలకు నాలుగు వీధుల అవతల. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన కాలేజీ అని మా తాతయ్య ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవారు. నన్ను రెండుసార్లు చేర్పించారు, రెండుసార్లూ నేనే మానేశాను. ముందే చెప్పేస్తున్నా, నేను విద్వాంసురాలిని కాదు, వినే మనిషిని అంతే.

ముందు నీ చప్పట్ల సంగతి తేలుద్దాం. సింఫనీ అంటే ఆర్కెస్ట్రా వాయించే పెద్ద రచన, మామూలుగా నాలుగు భాగాలు. ఒకటి అయ్యాక కాస్త ఆగి రెండోది ఎత్తుకుంటారు. ఆ ఆగినప్పుడు ఇక్కడ చప్పట్లు కొట్టరు, దగ్గుతారు. నవ్వకు, నిజంగానే. అప్పటిదాకా బిగబట్టుకున్న దగ్గులన్నీ హాలంతా ఒకేసారి దగ్గి, కుర్చీల్లో సర్దుకుని, మళ్ళీ బొమ్మల్లా కూర్చుంటారు. నీకు ఒకటే గుర్తు. ముందు నిలబడి చేతులూపుతూ వాయిద్యాలవాళ్ళని నడిపించే కండక్టర్ చేతులు దించి జనం వైపు తిరిగేదాకా నీ చేతులు ఒళ్ళోనే ఉండాలి. అప్పుడు కూడా అనుమానంగా ఉంటే పక్కవాళ్ళు కొట్టాక కొట్టు. చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ అని ఒకటుంది. దాని మూడో భాగం ఎంత హోరుగా ముగుస్తుందంటే, ఇక అయిపోయిందనే అనిపిస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా వింటున్నవాళ్ళు కూడా ఆగలేక కొట్టేస్తారు. కానీ ఇంకో భాగం మిగిలే ఉంటుంది, అదేమో ఏడుపులా సన్నగిల్లి ఆగిపోతుంది. కాబట్టి డిసెంబర్లో నువ్వు చేసింది పెద్ద నేరమేం కాదు. ఆ ముసలావిడ కూడా ఎప్పుడో ఒకసారి కొట్టే ఉంటుంది.

ఇక పండగ. 1985లో మొదలైంది, ఏటా జూలైలోనే. రేడియో వాళ్ళ పండగ కాబట్టి కచేరీలు ఫ్రాన్స్ మ్యూజిక్ స్టేషన్లో వస్తాయి, కొన్ని అప్పటికప్పుడు లైవ్‌లో. అందుకే టైమ్ అంటే టైమే. మన పెళ్ళి ముహూర్తాలలాగా ఓ అరగంట అటూ ఇటూ కుదరదు, తలుపు మూశాక బయటే నిలబడాలి. స్టేజి మీద, కప్పు నుంచి సన్నటి తీగలకు మైకులు వేలాడుతుంటాయి. మీ అమ్మకి ముందు అవి చూపించు. రేడియో మనిషికి అంతకంటే పరిచయం అక్కర్లేదు.

పెద్ద కచేరీలు కోరమ్‌లో జరుగుతాయి. కొమెదీ స్క్వేర్ నుంచి ఎస్ప్లనాడ్ చెట్ల నీడన నేరుగా నడిస్తే చివర కోటలాగా కనిపించే గ్రానైట్ భవనం అది. లోపల ఒపెరా బెర్లియోజ్ హాలు, దాదాపు 2000 సీట్లు. టిక్కెట్టు కొనాలి. అందరూ ముందు దాని గురించే చెప్తారు. నా మాట విని నువ్వు దాంతో మొదలుపెట్టకు.

మధ్యాహ్నం పన్నెండున్నర కచేరీలతో మొదలుపెట్టు. అదే భవనంలో పాశ్చర్ హాలని చిన్నది ఉంది. ఇరవైల్లో ఉన్న పిల్లలు, చదువు అప్పుడే పూర్తయినవాళ్ళు, వచ్చి గంటసేపు వాయిస్తారు. పియానో ఒకరోజు, నలుగురి తీగవాయిద్యాలు ఒకరోజు. నేను వెళ్ళిన ఏళ్ళన్నిటిలో ఉచితమే, ముందొచ్చినవాళ్ళకి ముందు సీటు. మధ్యాహ్నమే ఎందుకంటే, జూలైలో ఇక్కడ 35 డిగ్రీలు మామూలే. మన అద్దె ఇళ్ళల్లో ఏసీ ఉండదు, ఫ్యాను కూడా గూట్లోంచి తీసి దులిపితేనే. మీ అమ్మ ఆ వేళకి ఇంట్లో ఉడికిపోతుంది. హాల్లో చల్లగా ఉంటుంది, గంటే కాబట్టి మోకాళ్ళు పట్టెయ్యవు, నచ్చకపోతే డబ్బులు పోయాయన్న బాధ లేదు. నేను మొదటి ఏడాది నిజంగా ఏసీ కోసమే వెళ్ళాను. సంగీతం తర్వాత వచ్చింది.

ముందు మూడు వరసల్లో కూర్చోండి. మనం వయొలిన్ అంటే కింద కూర్చుని, దాని తల కాలి చీలమండ మీద ఆనించి వాయించడమే చూశాం. రెండు చివర్లూ ఆనుకుని ఉంటాయి కాబట్టి ఎడమచెయ్యి తీగ మీద హాయిగా జారుతుంది, మన గమకాలన్నీ, అంటే స్వరాన్ని ఊపి పలికించడాలన్నీ, ఆ జారడంలోనే. ఇక్కడ నిలబడో, కుర్చీలో కూర్చునో గడ్డం కింద ఇరికించుకుంటారు. ముందు వరసలో కూర్చుంటే వాళ్ళ మెడ మీద ఎడమవైపు గోధుమరంగు మచ్చ కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి వాయిద్యం రాసుకుని పడిన కాయ అది. మొదటిసారి చూసినప్పుడు ఏ పురుగో కుట్టిందనుకున్నాను. తర్వాత చూస్తే నలుగురిలో ముగ్గురికి ఉంది.

రెండో వారంలో జాజ్ పెట్టుకో. ఊరి పడమటి వైపు దొమెయిన్ దో అని పాత జమీందారీ తోట ఉంది, ఆలివ్ చెట్లు, పైన్ చెట్లు. అందులో ఆకాశం కింద మెట్లమెట్లుగా థియేటర్, 1800 మంది దాకా పడతారు. నాకు తెలిసి జాజ్ రాత్రులు అక్కడే, అవీ ఉచితమే. ఒకటో నంబర్ ట్రామ్, అదే నీలం మీద తెల్ల పిట్టలున్నది, మోసోన్ వైపు వెళ్ళేది ఎక్కి మల్బోస్క్‌లో దిగాలి. కోరమ్‌కీ అదే ట్రామ్, ఎదురు దిక్కు.

ఇక్కడ జూలైలో సూర్యుడు మునిగేసరికి తొమ్మిదిన్నర. కచేరీ మొదలయ్యేటప్పటికి ఇంకా వెలుతురుంటుంది, పైన్ చెట్ల నిండా ఇలకోళ్ళు రొద పెడుతుంటాయి. స్టేజి మీద డ్రమ్స్ కంటే వాటిదే పైచెయ్యి. పొద్దు గూకుతుంటే ఒక్కో చెట్టూ ఆగిపోతుంది. నేనోసారి గమనించాను, బాస్ వాయించే ఆయన ఒంటరిగా ఎత్తుకున్నాడు, వేళ్ళతో తీగ లాగుతున్నాడు, అంత మెల్లగా వాయిస్తే ఎవరికి వినపడుతుందిలే అనుకుంటున్నాను. సరిగ్గా అప్పుడు చివరి చెట్టు మీద ఇలకోళ్ళు ఆగాయి. తీగ వదిలాక వేలు చెక్కకు తగిలిన చప్పుడు కూడా వినపడింది. ఆయన తలెత్తి చెట్టు వైపు చూసి నవ్వాడు.

జాజ్‌లో చప్పట్ల భయమే లేదు. ఒక్కొక్కరు తమ వంతు వాయించగానే కొట్టాల్సిందే, కొట్టకపోతేనే తప్పు.

చిన్న సంగతులు. చీర కట్టుకుని హాయిగా రావచ్చు, ఇక్కడ సాయంత్రం టిక్కెట్టు కచేరీకి కూడా చెప్పులతో, పూల చొక్కాలతో వస్తారు. హాల్లోకి శాలువా, తోటకి చిన్న దిండు, ఓడోమాస్. దోమలు ఇక్కడ చారల దోమలు, పొద్దుండగానే కుడతాయి. ట్రామ్ మనకి ఊరివాళ్ళం కాబట్టి ఉచితం, 2023 చివరి నుంచి. అమ్మకి కాదు, ఆమెకి టిక్కెట్టు కొనాలి, మర్చిపోకు. మర్చిపోయి మా అత్తగారి ముందు నేను పడ్డ పాట్లు ఇక్కడ రాయను.

ఒక్కటి మాత్రం వద్దు. ఎవరూ వాయించక మూలపడ్డ ఒపెరాలను, అంటే పాటలతోనే నడిచే నాటకాలను, వెతికి తీసి వినిపించడం ఈ పండగ గొప్పతనాల్లో ఒకటి. వేషాలూ సెట్టింగులూ ఉండవు, గాయకులు నిలబడి పాడతారు. నాకిష్టం. కానీ మూడు గంటలు, కథ తెర మీద ఫ్రెంచ్‌లో వస్తుంది. అమ్మని మొదటి వారమే దానికి తీసుకెళ్తే మిగతా మూడు వారాలు ఇల్లు కదలదు.

—

సూటిగా_సుబ్బారావు
జూన్ 14, మధ్యాహ్నం 1:12

నాది వేరే అభిప్రాయం. క్లాసికల్ సరే. జాజ్ అంటే నలుగురు నాలుగు పాటలు ఒకేసారి వాయించినట్టే నాకు వినపడుతుంది. రెండేళ్ళు ప్రయత్నించాను. పెద్దావిణ్ణి దానికి తీసుకెళ్ళి హింసపెట్టడం ఎందుకు?

—

చాపుతాళం
జూన్ 14, సాయంత్రం 6:40

సుబ్బారావు గారూ, నేను మృదంగం వాయిస్తాను, ఉండేది లియోన్. మీరు చెప్పింది అబద్ధం కాదు, మొదట్లో నాకూ అలాగే ఉండేది. ఒక చిట్కా చెప్తాను. మొదటి నిమిషం పాటని జాగ్రత్తగా వినండి. అందరూ కలిసి వాయించేది అదొక్కటే. ఆ పాటకి ఒక ఆవర్తనం ఉంటుంది, తరచుగా 32 బార్లు (బార్ అంటే కొన్ని దెబ్బల లెక్క). తర్వాత ఎవరేం వాయించినా ఆ ఆవర్తనం మీదే తిరుగుతారు. మన పల్లవి ఎత్తుకుని, దాని మీద కల్పనస్వరాలు వేసి మళ్ళీ పల్లవి ఎత్తుకునే చోటికి, ఎడుపుకి, వచ్చి వాలినట్టు. మీరు లోపల మొదటి పాటే పాడుకుంటూ ఉండండి, సాక్సఫోన్ ఎక్కడికి పోయినా మీరు దారి తప్పరు. చివర డ్రమ్స్‌తో నాలుగేసి బార్లు పంచుకుంటారు. అది మన కచేరీలో తాళవాయిద్యాల వంతు, తనిలో మృదంగం, ఘటం ఒకరికొకరు జవాబు చెప్పుకోవడమే. శక్తి బృందంలో జాజ్ మనిషి జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్, విక్కు వినాయక్‌రామ్ ఘటం 1970లలోనే కలిసి వాయించారంటే ఊరికే కాదు.

అమ్మగారికి జాజ్ నచ్చొచ్చు, తమ్ముడూ. కాకపోతే స్పీకర్లకి దూరంగా, పై మెట్ల మీద కూర్చోబెట్టు.

—

సూటిగా_సుబ్బారావు
జూన్ 14, రాత్రి 8:02

32 లెక్కపెట్టుకుంటూ వినాలా? లెక్కలు తప్పినందుకే నేను ఆర్ట్స్ తీసుకున్నాను.

—

నీమ్_నుంచి
జూన్ 15, ఉదయం 11:30

సేత్ మర్చిపోవద్దు. మోంపెలియే సాన్ రోక్ స్టేషన్ నుంచి రైల్లో ఇరవై నిమిషాలే. అక్కడా జూలైలో జాజ్ పండగ ఉంటుంది, సముద్రపు ఒడ్డున పాత కోటలో. స్టేజి వెనక గోడ ఉండదు, సముద్రమే. వాయిస్తున్నవాళ్ళ వెనక నుంచి పడవలు పోతుంటాయి. కానీ తిరుగు రైలు చూసుకుని వెళ్ళాలి. నేను చూసుకోలేదు. మళ్ళీ మళ్ళీ చప్పట్లు కొట్టి వాళ్ళని మూడుసార్లు వెనక్కి పిలిచినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. స్టేషన్‌కి పరిగెత్తితే ప్లాట్‌ఫాం మీద నేను, ఒక పిల్లి. పొద్దున మొదటి రైలు దాకా బెంచీ మీదే. అమ్మతో అయితే కారున్న ఫ్రెండ్‌ని పట్టుకో.

—

జొన్నచేను
జూన్ 15, రాత్రి 11:15

అక్కా, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. ప్రింట్ తీసి ఫ్రిజ్‌కి అంటించాను. పులిహోర డబ్బా తీసుకెళ్ళొచ్చా తోటకి? డిసెంబర్లో నేను కొట్టిన చప్పట్లు ఏ పాటకో కూడా నాకు తెలియదు. ఫ్రెండ్‌ని అడగడానికి మొహం చెల్లట్లేదు.

—

విజయనగరం_ఆడపడుచు
జూన్ 16, ఉదయం 6:50

తీసుకెళ్ళు. ముందు బయట చెట్ల కింద తినేసి లోపలికి వెళ్ళండి. గేటు దగ్గర సంచీలు చూస్తారు, గాజు సీసాలు వద్దంటారు. వాసనకి పక్కవాళ్ళు అడుగుతారు, రెండు స్పూన్లు ఎక్కువ పెట్టుకో. ఈ 21న ఫెత్ ద లా మ్యూజిక్, ఊరంతా వీధుల్లో వాయిస్తారు. 1982 నుంచి ఫ్రాన్స్ అంతటా చేసేదే. అమ్మ రాకముందే నువ్వొకసారి తిరిగి రా, భయం పోతుంది. అక్కడ చప్పట్లు ఎప్పుడైనా కొట్టుకోవచ్చు.

—

జొన్నచేను
జూలై 27, రాత్రి 10:20

చాలా రోజులకి రాస్తున్నాను. అమ్మ నిద్రపోయింది, ఇప్పుడు తీరిక.

మొదటి మధ్యాహ్నం అక్క చెప్పినట్టే పాశ్చర్ హాలు. ఆఫ్ పెట్టి వెళ్ళాను. ట్రామ్‌లో అమ్మకి టిక్కెట్టు కొన్నాను (అక్కా, గుర్తుంది). పియానో, ఒక అమ్మాయి, మా చెల్లెలి వయసు ఉంటుంది. అమ్మ మొదటి పది నిమిషాలు వినలేదు, జనాన్ని చూసింది. "ఎవ్వరు సప్పుడు జేస్తలేరేంది, తాళం గూడ ఏస్తలేరు" అని నా చెవిలో అడిగింది. ఇక్కడ వెయ్యరమ్మా అన్నాను. కాసేపటికి చూస్తే ఆమె చీర కొంగు కింద వేళ్ళు కదులుతున్నాయి. కొంగు కింద దాచి లెక్కపెడుతోంది.

బయటికొచ్చాక అడిగాను, ఎలా ఉందమ్మా అని. "పిల్ల మస్తు కష్టపడ్డది. ఇంటికాడ అమ్మ ఉన్నదో లేదో" అంది. అంతే. కానీ మర్నాడు తొమ్మిదింటికే చీర మార్చుకుని కూర్చుంది. నాకు ల్యాబ్ ఉందంటే, ట్రామ్ ఎక్కించు చాలు అంది. మూడో రోజు నుంచి ఒక్కతే వెళ్ళింది. టిక్కెట్టు నేను ముందే కొనిచ్చేవాణ్ణి, దిగే స్టాప్ పేరు తెలుగులో చేతి మీద రాసుకుంది. రోజూ పక్కన కూర్చునే ఒక ఫ్రెంచ్ ముసలాయన ఆమెకి సీటు పట్టి ఉంచేవాడట. ఆయనకి తెలుగు రాదు, ఈమెకి ఫ్రెంచ్ రాదు. నచ్చితే ఇద్దరూ తలాడిస్తారు, నచ్చకపోతే ఆయన పెదవి విరుస్తాడు, అమ్మ కూడా విరుస్తుంది.

దొమెయిన్ దోలో జాజ్‌కి మధ్యస్తంగా మార్కులు వేసింది. ఇలకోళ్ళు ఆగడం మాత్రం మేమిద్దరం కాచుకుని విన్నాం, నిజమే అక్కా, చెట్టు తర్వాత చెట్టు. చాపుతాళం అన్న చెప్పింది నేను ప్రయత్నించాను, రెండో పాటలో ఆవర్తనం దొరికింది, మూడోదాంట్లో జారిపోయింది. డ్రమ్స్ వంతు వచ్చేసరికి అమ్మ వేళ్ళు కొంగు బయటికొచ్చేశాయి. సాక్సఫోన్ మీద ఆమె తీర్పు ఒకటే: "మంచిగనే ఉన్నది గని, ఎప్పుడు ఆపాల్నో ఆయనకు ఎరుక లేదు." సుబ్బారావు గారూ, ఇది మీకోసమే రాస్తున్నాను. పులిహోర పక్కవాళ్ళకే అయిపోయింది.

ఇక చివరి వారం ధైర్యం చేసి పెద్ద హాలుకి టిక్కెట్లు కొన్నాను. ద్వోర్జాక్ తొమ్మిదో సింఫనీ. ఆయన అమెరికాలో ఉండగా 1893లో రాసింది. మాకు మేడ మీద, పక్కగా సీట్లు. అమ్మకి వేలాడే మైకులు చూపించాను. చాలాసేపు వాటినే చూసింది. తర్వాత వాయిద్యాలవాళ్ళందరూ వచ్చి కూర్చున్నారు, ఎనభై మంది ఉంటారు. ఎవరి గోల వాళ్ళది. ఒక ఓబో ఆయన ఒకే ఒక్క స్వరం ఊదాడు. గోలంతా ఆగి, మిగతావాళ్ళందరూ ఆ స్వరంలోకి వచ్చి చేరారు. అమ్మ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. "శ్రుతి జేసుకుంటున్నరు" అంది. ఇంత పెద్ద హాల్లో, ఇంతమంది తెల్లవాళ్ళ మధ్య తనకి తెలిసిన మనిషి కనపడినట్టు అంది ఆ మాట.

రెండో భాగంలో ఇంగ్లిష్ హార్న్ అని ఓబోకి అన్నలాంటి వాయిద్యం ఒక పాట ఎత్తుకుంటుంది, చాలా మెల్లగా. నాలుగు స్వరాలు అయ్యాయో లేదో, అమ్మ నా వైపు వంగి "ఇది మోహన లెక్కనే ఉన్నది గదరా. వరవీణ" అంది. ఆమె నేర్చుకున్న మొదటి గీతం అదే. నాకు రాగాలు తెలియవు. ఇంటికొచ్చాక నెట్‌లో చూశాను, ఆ పాటలో దాదాపు అయిదు స్వరాలే, మోహనకి ఉన్నవే. గమకం లేకుండా, ఇస్త్రీ చేసిన మోహన అనుకోవచ్చేమో. అన్నలు ఎవరైనా తప్పయితే దిద్దండి.

ఆ భాగం చివర అన్నీ ఆగిపోయి, పెద్ద బాస్ వాయిద్యాలు మాత్రమే, ఉందా లేదా అన్నంత సన్నగా మోగుతాయి. రెండు వేలమంది ఊపిరి బిగబట్టారు. నేను అక్క చెప్పినట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు అమ్మ దగ్గింది. ఏసీ పడలేదు, శాలువా ఇంట్లో మర్చిపోయాం. చిన్న దగ్గు కాదు, మా ఇంటి వసారాలో దగ్గినట్టు దగ్గింది. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని స్టేజి వైపే చూస్తోంది. ఈసారి ఎవరూ వెనక్కి తిరగలేదు. అరక్షణం తర్వాత భాగం అయిపోయింది, హాలంతా దగ్గింది.

మొన్న ఆ కచేరీ రేడియో యాప్‌లో మళ్ళీ పెట్టారు. వంట చేస్తూ ఇద్దరం విన్నాం. రెండో భాగం చివరికొచ్చింది. నేను సౌండ్ పెంచాను. బాస్ సన్నగా మోగుతోంది, అప్పుడు స్పష్టంగా, ఎడమవైపు నుంచి, మా అమ్మ దగ్గు.

అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అది నేనే" అంది. మళ్ళీ పెట్టమంది. మూడుసార్లు పెట్టించుకుంది. ఇప్పుడు సంగారెడ్డిలో మా చుట్టాలందరి ఫోన్లలో ఆ పది సెకన్లు ఉన్నాయి. ఫ్రాన్సు రేడియోల వచ్చిన అని పేరు పెట్టి మరీ పంపింది.

—

విజయనగరం_ఆడపడుచు
జూలై 27, రాత్రి 10:41

ఎన్నో నిమిషం తమ్ముడూ? త్వరగా చెప్పు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను.